టార్చ్ లేక్ బురదకు మన పూడికతీత ఎందుకు పనికిరాదు

చిత్తూరు నుంచి ఒక తండ్రి అడిగారు. వాళ్లమ్మాయి అమెరికాలో మిషిగన్ రాష్ట్రం హౌటన్‌లో ఎమ్మెస్ చేస్తోంది. దగ్గర్లోని టార్చ్ లేక్ అనే సరస్సు అడుగు బురద మీద ఆ అమ్మాయి ప్రాజెక్టు. "రాగి మిల్లులు 1968లోనే మూతపడ్డాయట. నీళ్లు అద్దంలా ఉంటాయట. అయినా అడుగున పురుగూ పుట్రా సరిగా బతకడం లేదట. తాగే నీళ్ల లెక్కకు రాగి పాసైనప్పుడు పురుగు ఎందుకు చస్తుంది? మన చెరువుల్లో మాదిరి పూడిక తీసి పారేస్తే పోలేదా? ఇంకో సంగతి, ఈ ఎండాకాలం మా ఊరి చెరువు మట్టి మామిడితోటకు తోలుకుందామని ఉన్నాం. దానికీ ఇలాంటి భయం ఏమైనా ఉందా?" ఇవీ వారి ప్రశ్నలు.

నేను ముప్పై ఏళ్లకు పైగా నీళ్లు, మట్టి పరీక్షించే పనిలో ఉండి రిటైరయ్యాను. ఉండేది తిరుపతిలో. మీరడిగిన మూడింటికీ జవాబు ఆ బురదలోనే ఉంది. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. అమ్మాయికి కూడా పంపండి.

హౌటన్ అనేది డగ్లస్ హౌటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త పేరు. కీవీనా ద్వీపకల్పంలో రాగి ఉందని ఆయన 1841లో నివేదిక ఇచ్చాకే జనం అక్కడికి ఎగబడ్డారు. అక్కడి రాగిది ఒక విశేషం. ప్రపంచంలో చాలా చోట్ల రాగి గంధకంతో కలిసిన ఖనిజంగా దొరుకుతుంది. కీవీనాలో మాత్రం లోహం లోహంగానే, నల్లరాతి సందుల్లో పూసల్లా, రేకుల్లా, ఒక్కోసారి టన్నుల బరువున్న ముద్దల్లా దొరికింది. దాన్ని రాతిలోంచి విడదీయాలంటే రాయిని పిండి చేయాలి. ఆవిరితో నడిచే పెద్ద పెద్ద రోకళ్లతో దంచి, ఆ పిండిని నీళ్లతో కడిగేవాళ్లు. బరువైన రాగి కింద నిలిచిపోతుంది, తేలికైన రాతి పొడి నీళ్లతో కొట్టుకుపోతుంది. ఇందుకు నీళ్లు విపరీతంగా కావాలి, వ్యర్థం పోయడానికి చోటూ కావాలి. సరస్సు ఒడ్డున మిల్లు కడితే రెండూ తీరిపోతాయి. అందుకే లేక్ లిండెన్, హబ్బెల్, మేసన్ లాంటి ఊళ్లలో మిల్లులు వరసగా టార్చ్ లేక్ ఒడ్డునే వెలిశాయి.

1868 నుంచి 1968 దాకా, సరిగ్గా వందేళ్లు, ఆ సరస్సులోకి పోసిన రాతి పొడి సుమారు 20 కోట్ల టన్నులు. మన ఇసుక టిప్పరు పది టన్నులది అనుకుంటే రెండు కోట్ల లోడ్లు. వందేళ్ల పాటు, ఒక్కరోజు కూడా ఆగకుండా, రోజుకు ఐదు వందల యాభై టిప్పర్లు ఒకే చెరువులో దించినట్టు. సరస్సు ఘనపరిమాణంలో ఐదో వంతు దాంతోనే నిండిపోయింది. మేసన్ దగ్గర ఒడ్డున ఒరిగి తుప్పు పట్టి ఒక పెద్ద డ్రెడ్జర్, అంటే నీళ్ల అడుగు నుంచి పొడి తోడే పడవ, ఇప్పటికీ కనబడుతుంది. అమ్మాయి దాన్ని చూసే ఉంటుంది. అది క్విన్సీ కంపెనీది, 1967లో మునిగింది. ముందటి రోజుల్లో దంచుడు మోటుగా ఉండటంతో వ్యర్థంలోకి చాలా రాగి పోయింది. ఆ రాగి కోసమే తర్వాతి కాలంలో సరస్సు అడుగు నుంచి పొడిని మళ్లీ తోడి, ఇంకా మెత్తగా నూరి, అమ్మోనియా ద్రావణంతో కరిగించి తీసుకున్నారు. మిగిలినదాన్ని మళ్లీ సరస్సులోకే వదిలారు. ఈసారి పడింది పిండికంటే మెత్తని పొడి. ఈ మెత్తదనమే ముఖ్యం, దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక రాగి రాతి పొడిలోంచి నీళ్లలోకి ఎలా వస్తుందో చూద్దాం. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. ఇంట్లో పాత రాగి చెంబు ఉంటే తీయండి. పచ్చగా, నల్లగా చిలుము పట్టి ఉంటుంది. మామూలు నీళ్లతో ఎంత కడిగినా వదలదు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి రుద్దండి. రెండు నిమిషాల్లో చెంబు కొత్తదానిలా ఎర్రగా తేలుతుంది. చేతిలో మిగిలిన చింతపండు రసంలోకే ఆ చిలుములోని రాగి పోయింది. పులుపు తగిలితే రాగి కరుగుతుంది, పులుపు లేకపోతే గట్టిగా పట్టుకుని ఉంటుంది. పెద్దవాళ్లు కళాయి లేని రాగి గిన్నెలో పులుసు కాచేవాళ్లు కాదు, మజ్జిగ పోసేవాళ్లు కాదు. కారణం ఇదే.

గని వ్యర్థాల సంగతంతా ఈ చెంబులోనే ఉంది. గంధకంతో కలిసిన ఖనిజం తవ్విన చోట రాతి పొడికి గాలీ నీళ్లూ తగలగానే అందులోని ఇనుప గంధకం గంధకామ్లంగా మారుతుంది. కొన్ని రకాల సూక్ష్మజీవులు ఆ పనిని ఎన్నో రెట్లు వేగంగా జరిపిస్తాయి. అంటే ఆ గుట్ట తన చింతపండును తానే తయారు చేసుకుంటుంది. స్పెయిన్‌లో రియో టింటో నది ఎర్రగా పారేది అందుకే. అమెరికాలోనే మోంటానా రాష్ట్రం బ్యూట్ పట్నంలో బర్క్‌లీ పిట్ అని ఒక పెద్ద రాగి గొయ్యి ఉంది. 1982లో నీళ్లు తోడే పంపులు ఆపేశాక అది పుల్లని నీళ్లతో నిండింది. 1995లో వలస వచ్చి ఆ నీళ్లలో వాలిన మంచు బాతులు వందల్లో చచ్చిపోయాయి. స్వీడన్‌లో ఫాలున్ గని వెయ్యేళ్ల దాకా నడిచి 1992లో మూతపడింది. ఆ చుట్టుపక్కల సరస్సుల అడుగున శతాబ్దాల నాటి రాగి, జింకు పొరలు పొరలుగా ఉన్నాయి.

టార్చ్ లేక్‌లో ఈ పులుపు దాదాపు లేదు. రాగి లోహంగా ఉంది, గంధకం తక్కువ, పైగా ఆ రాతిలో సున్నపు అంశ ఉండటంతో నీళ్లు పుల్లగా మారవు. అందుకే అక్కడ నది ఎర్రబడలేదు, బాతులు రాలిపోలేదు, నీళ్లు చూడ్డానికి అద్దంలా ఉన్నాయి. రాగి మాత్రం కరుగుతూనే ఉంది, చాలా మెల్లగా. మెల్లగా కరిగేది త్వరగా అయిపోదు. పులుపు ఉన్న గుట్ట రాగిని వేగంగా కక్కేస్తే, ఇది చాలా తరాల పాటు కొద్దికొద్దిగా వదులుతుంది. ఇందాక చెప్పిన మెత్తదనం ఇక్కడే పనిచేస్తుంది. ఒక గులకరాయిని పొడి చేస్తే బరువు మారదు గానీ నీళ్లు తాకే పైభాగం వేల రెట్లు పెరుగుతుంది. కలకండ పలుకు నీళ్లలో వేస్తే ఎంతసేపు కరుగుతుంది, పంచదార వేస్తే ఎంతసేపు? అంతే తేడా.

మిల్లు నుంచి వచ్చిన ముతక ఇసుక ఒడ్డునే ఆగిపోయింది. మెత్తని పొడి మాత్రం నీళ్లలో తేలుతూ పోయి సరస్సు లోతైన భాగంలో, 115 అడుగుల దాకా ఉన్న చోట, నెమ్మదిగా దిగింది. ఒడ్డున కనబడే నల్ల ఇసుకే కాలుష్యం అనుకుంటారు చాలామంది. అసలు చిక్కు అడుగున ఉంది. అక్కడి బురద పైపొరలోనే కిలోకు వెయ్యి మిల్లీగ్రాములు దాటి రాగి కనబడుతుంది. మామూలు నేలలో కొన్ని పదుల మిల్లీగ్రాములే ఉంటుంది. మంచినీటి బురదలకు అమెరికాలో వాడే ఒక కొలత ప్రకారం కిలోకు 149 మిల్లీగ్రాములు దాటితే అడుగు జీవులకు హాని జరిగే అవకాశం చాలా ఎక్కువ.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, నీళ్లు పాసైతే పురుగు ఎందుకు చస్తుంది? మనిషి తాగే నీళ్లలో రాగికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 2 మిల్లీగ్రాములు. మన దేశపు ప్రమాణంలో కోరదగినది 0.05, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. మన శరీరానికి రాగి కొంత కావాలి, ఎక్కువైతే కాలేయం పైత్యరసంతో బయటికి పంపేస్తుంది. నీళ్లలోనే బతికే జీవికి ఆ అవకాశం తక్కువ. చేప మొప్పలతో గాలి పీల్చుకుంటుంది, మొప్పలతోనే నీళ్లలోని ఉప్పును లోపలికి లాక్కుంటుంది. రాగి వెళ్లి ఆ ఉప్పు లాగే చోటనే కూర్చుంటుంది. ఒంట్లో సోడియం పడిపోయి చేప చచ్చిపోతుంది. ఇందుకు మిల్లీగ్రాములు అక్కర్లేదు. నీళ్లలో సున్నపు లవణాలు తక్కువైతే లీటరుకు 10 మైక్రోగ్రాముల చుట్టుపక్కలే చిన్న చేపపిల్లలకు, డాఫ్నియా అనే చిన్న నీటి పురుగులకు ఇబ్బంది మొదలవుతుంది. మనిషి హద్దులో అది రెండొందలో వంతు. మన మామిడి రైతులు, ద్రాక్ష రైతులు మైలుతుత్తం వాడేది రాగికి ఉన్న ఈ గుణం కోసమే. మనిషిని ఏమీ చేయనంత మోతాదులోనే అది బూజునూ పాచినీ చంపుతుంది.

మరి బురదలో ఉండే ఎర్ర పురుగులు, దోమజాతి లార్వాలు ఏం తింటాయి? బురదనే తింటాయి. వాటికి నీళ్లలో ఎంత రాగి ఉందన్నది సగం లెక్కే. అవి మింగే ప్రతి రేణువూ, రేణువుల మధ్య నిలిచిన నీళ్లూ వాటికి లెక్కలోకి వస్తాయి. సరస్సు మధ్యలో పైనుంచి సీసాతో పట్టిన నీళ్లు ల్యాబ్‌కు పంపి "అంతా బాగుంది" అంటే, ఇంటి డాబా మీద గాలి చూసి నేలమాళిగలో పొగ లేదని చెప్పినట్టు. ఒక్క సవరణ. అక్కడ పురుగే లేదనడం కరెక్టు కాదు. కొన్ని మొండి రకాలు ఉన్నాయి. రకాలు తగ్గిపోయాయి, సంఖ్య తగ్గింది. అవి తగ్గితే వాటిని తిని బతికే చేపపిల్లలకు కూడు తగ్గుతుంది. పాదరసంలాగా రాగి చేప నుంచి పెద్ద చేపకు పెరుగుతూ పోదు. అది కింది మెట్టు దగ్గరే దెబ్బ కొడుతుంది.

టార్చ్ లేక్‌లో సాగర్, వాలై అనే చేపలకు కణితులు కనబడటంతో 1983లో తినొద్దని ఆ రాష్ట్రం హెచ్చరించింది, 1993లో ఆ హెచ్చరిక తీసేసింది. ఇప్పుడు అక్కడ చేపల మీద ఉన్న జాగ్రత్తలు పాదరసం, పీసీబీ అనే పారిశ్రామిక నూనెల వల్ల. అమ్మాయి స్నేహితులతో వెళ్లి చేపలు పట్టి వండుకునేటట్టయితే మిషిగన్ ప్రభుత్వం ఏ చేప నెలకు ఎన్నిసార్లు తినొచ్చో ప్రకటించే పట్టిక చూసుకోమనండి. అందులో రాగి గురించి టెన్షన్ పడాల్సింది లేదు.

ఇక పూడికతీత. మీకు ఇది అడగాలనిపించడం సహజం. మనకు చెరువు అంటే పూడిక, పూడిక అంటే బలం. ఎండాకాలం చెరువు ఎండితే అడుగున ఉన్న నల్ల ఒండ్రు బళ్లతో, ఇప్పుడైతే ట్రాక్టర్లతో కయ్యల్లోకి తోలుకుంటాం. చెరువుకు చోటు, చేనుకు ఎరువు. మా తాతల కాలం నుంచీ చూస్తున్న మంచి పని ఇది. అదే కంటితో టార్చ్ లేక్‌ను చూస్తే మాత్రం పొరబడతాం. ఎందుకో నా కళ్లతో చూసింది చెప్తాను.

కొన్నేళ్ల కింద తిరుపతి దగ్గరి ఒక చెరువులో, నీళ్లు ఇంకా మోకాలిలోతు ఉండగా, రెండంగుళాల పీవీసీ గొట్టాన్ని నిలువుగా అడుగులోకి దించాం. గొట్టం మీద చెక్క పెట్టి సుత్తితో మెల్లగా కొట్టాలి. దిగినంత దిగాక పైన మూత బిగించి లాగితే లోపలి బురద జారకుండా మొత్తం పైకి వస్తుంది. ఒడ్డున చాప మీద పెట్టి హ్యాక్సా బ్లేడుతో నిలువునా చీల్చాం. పైన గోరంత మందాన గోధుమ రంగు పొర. దాని కింద ఒక్కసారిగా బొగ్గులాంటి నలుపు, కుళ్లిన గుడ్డు వాసన. ఇంకా కింద ఒకచోట నలుపును అడ్డంగా కోసినట్టు వేలెడు మందం తెల్ల ఇసుక, 2021 నవంబరు వానలకు వంకలు పొర్లినప్పుడు కొట్టుకొచ్చింది. ఆ నెలలోనే రాయలచెరువు కట్ట లీకయ్యి ఊళ్లు ఖాళీ చేయించారు, తిరుపతి వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ ఇసుక కింద మళ్లీ నలుపు. ఒడ్డున కూర్చుని మాట్లాడుకుంటున్న పావుగంటలో మా కళ్ల ముందే ఆ నల్ల పొర పైభాగం గోధుమ రంగుకు తిరగడం మొదలైంది.

గాలి తగలగానే రంగు మారిందే, అదీ అసలు సంగతి. నీళ్ల కింద గాలి అందని బురదలో గంధకం లోహాలను పట్టి బిగించేస్తుంది. రాగిని మరీ గట్టిగా పట్టుకుంటుంది. ఆ రూపంలో అది దాదాపు కరగదు, పురుగుకూ అంతగా అందదు. ఆ బురదను కెలికి పైకి తెచ్చి గాలికి పోస్తే గంధకం ఆక్సిజన్‌తో కలిసి పట్టు వదులుతుంది, పులుపు పుడుతుంది, రాగి బయటపడుతుంది. మళ్లీ చింతపండూ చెంబూ. టార్చ్ లేక్ బురదలో గంధకం మరీ ఎక్కువ లేకపోయినా ఈ భయం కొంత ఉంది. దాన్ని మించిన ఇంకో భయం, కెలికితే మెత్తని పొడి మేఘంలా లేచి పోర్టేజ్ లేక్ మీదుగా సుపీరియర్ సరస్సు దాకా పోతుంది. పైగా తీసిన కోట్ల టన్నులు ఎక్కడ పోస్తాం? దాన్ని ఏ రైతూ చేనుకు తోలుకోడు.

అందుకే అక్కడ చేసింది వేరు. 1986లో టార్చ్ లేక్‌ను దేశంలోని అతి కలుషితమైన చోట్ల జాబితాలో చేర్చారు. తర్వాత ఒడ్డునున్న నల్ల ఇసుక దిబ్బల మీద అరడుగు మందాన మంచి మట్టి పరిచి గడ్డి మొలిపించారు, గాలికీ వానకూ లేచి సరస్సులో పడకుండా. అడుగు బురద జోలికి మాత్రం వెళ్లకూడదని 1994లో నిర్ణయించారు. ఏటేటా వాగులు తెచ్చే శుభ్రమైన ఒండ్రు మెల్లగా దాన్ని కప్పేస్తుందని ఆశ. ఆ నిర్ణయం మొత్తం మీద సబబేనని నా అభిప్రాయం, కాకపోతే ఆశ పడినంత వేగంగా పని జరగడం లేదు. చుట్టూ ఉన్న దిబ్బల నుంచి, వాగుల నుంచి రాగి ఇంకా వస్తూనే ఉంటే పైన కప్పే పొర కూడా శుభ్రంగా ఉండదు. మీ అమ్మాయి ప్రాజెక్టు విలువ సరిగ్గా ఇక్కడే ఉంది. గొట్టంతో తీసిన బురదలో పై రెండు సెంటీమీటర్లు విడిగా, మిగతాది సెంటీమీటరు చొప్పున కోసి చూస్తే రాగి పైకి వచ్చేకొద్దీ తగ్గుతోందా లేదా తెలుస్తుంది. ఏ పొర ఏ ఏటిదో తెలుసుకోవడానికి 1963 నాటి అణు పరీక్షల వల్ల పడిన సీసియం గుర్తు, సహజంగా పడే సీసం-210 అనే రేడియోధార్మిక సీసం ఉన్నాయి. ముక్కలు కోసేటప్పుడు నత్రజని నింపిన సంచిలో కోయమనండి. గాలిలో కోస్తే, పైన చెప్పిన పావుగంటలోనే బురద తన కథ మార్చేస్తుంది.

తీయక తప్పని చోట్లూ ఉంటాయి. బ్యూట్ గనులకు వంద మైళ్లకు పైగా దిగువన క్లార్క్ ఫోర్క్ నది మీద మిల్‌టౌన్ అని ఒక ఆనకట్ట ఉండేది. 1908లో కట్టడం పూర్తయింది. అదే ఏడాది వచ్చిన పెద్ద వరద ఎగువన ఉన్న గని వ్యర్థాన్నంతా తెచ్చి దాని వెనక పోసింది. 1981లో ఆ ఊరి బావుల్లో ఆర్సెనిక్ బయటపడింది. ఒండ్రు లోపల గాలి అందక ఇనుపతుప్పు కరిగి, తుప్పును పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ భూగర్భజలంలోకి దిగింది. చూడండి, రాగి బిగుసుకునే చోటే ఆర్సెనిక్ వదులవుతుంది. అందుకే ఒక లోహానికి పనికొచ్చిన మందు ఇంకోదానికి విషం కావచ్చు. అక్కడ నదిని పక్కకు మళ్లించి, బురదను ఆరనిచ్చి తవ్వి రైళ్లలో తరలించారు, 2008లో ఆనకట్ట తీసేశారు. మన ట్రాక్టర్ల పనితో దానికి పోలిక లేదు.

ఇంకో మాట. కదలకుండా ఉన్న వ్యర్థమే మేలు అన్నాను కదా, కదిలేది ఎంత చేటో టార్చ్ లేక్‌కు దగ్గర్లోనే కనబడుతుంది. సుపీరియర్ సరస్సు ఒడ్డున గే అనే చిన్న ఊరు. 1901 నుంచి 1932 దాకా రెండు మిల్లులు అక్కడ 2 కోట్ల 27 లక్షల టన్నుల రాతి పొడి పోశాయి. టన్నుకు దాదాపు 2.8 కిలోల రాగి ఉందని లెక్క. మిల్లులు పోయి తొంభై ఏళ్లయినా అలలు ఆ దిబ్బను తోస్తూనే ఉన్నాయి. తెల్లని సహజ ఇసుక తీరం మైళ్ల కొద్దీ నల్లబడింది. నీళ్ల లోపల బఫెలో రీఫ్ అనే గులకరాళ్ల గట్టు ఉంది, వైట్‌ఫిష్, లేక్ ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టేది అక్కడే. రాళ్ల సందుల్లో గుడ్డు దాక్కోవాలి. ఆ సందుల్లోకి నల్ల ఇసుక పోయి నింపేస్తోంది. తరతరాలుగా ఆ చేపల మీద బతికే కీవీనా బే ఆదివాసులు దాన్ని కాపాడుకోవడానికి పోరాడుతున్నారు. అక్కడ మాత్రం తవ్వి తీయాల్సిందే అని నేనూ అంటాను. ఆలస్యమయ్యే ప్రతి ఏడూ గట్టులో కొంత భాగం పోతుంది.

ఇక మన చెరువు మట్టి దగ్గరికి వద్దాం. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పెద్ద రాగి గని లేదు. తెలుగు నేల మీద రాగి అంటే వినుకొండ దగ్గరి అగ్నిగుండాల, ఖమ్మం వైపు మైలారం గుర్తొస్తాయి. మన వైపు ఉన్నవి బంగారు గనులు, కుప్పం దగ్గర చిగురుగుంట, బిసానత్తం. కోలారు గనులతో పాటే 2001లో ఆగిపోయాయి. సరిహద్దు అవతల కోలారు గనుల దగ్గర వ్యర్థపు గుట్టలు ఊరంత ఎత్తున ఉన్నాయి, వేసవి గాలికి ఆ పొడి లేస్తుంది. బంగారం తీయడానికి వాడిన సైనైడ్ ఎండకూ గాలికీ కాలక్రమంలో విరిగిపోతుంది. రాతిలోంచి బయటపడ్డ లోహాలు విరిగిపోవు. మీ చెరువుకు నీళ్లు అలాంటి గుట్ట పక్క నుంచి వస్తే పరీక్ష చేయకుండా ఒక్క గంప కూడా తోలొద్దు. చెరువులోకి వచ్చే వంకలన్నీ అడవి నుంచి, చేల నుంచి, గుట్టల నుంచే వస్తుంటే భయపడాల్సింది పెద్దగా లేదు.

కానీ గని ఒక్కటే లెక్క కాదు. ఇది చెప్పడం నాకు సులువు కాదు. చాలా ఏళ్ల కింద ఒక చెరువు నీళ్లు మా దగ్గరికి పరీక్షకు వచ్చాయి. ఎగువన లోహానికి పూత పూసే ఒక షెడ్డు ఉండేది. నీళ్లలో అన్నీ హద్దులోనే ఉన్నాయి, అలాగే రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం చూసుకుని రైతులు ఆ ఎండాకాలం మట్టి తోలుకున్నారు. రెండేళ్ల తర్వాత వేరే పని మీద ఆ బురదను పరీక్షిస్తే రాగి, నికెల్, క్రోమియం ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉన్నాయి. నీళ్లు అడిగారు కాబట్టి నీళ్లే చూశాను. మట్టి తోలుతారని తెలిసీ మట్టి తెమ్మని అడగలేదు. ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ చెరువు నీళ్లు తెచ్చిన ప్రతి ఒక్కరినీ బురద కూడా తెమ్మనేవాణ్ణి.

కాబట్టి మీరు ఇలా చేయండి. చెరువు ఎండాక, జేసీబీ దిగకముందే, ఐదారు చోట్ల రెండడుగుల గుంత తీయండి. వంక చెరువులో కలిసే చోటు, తూము దగ్గర, మధ్యలో లోతట్టు, ఇవి తప్పకుండా ఉండాలి. మెత్తని మట్టి ఎక్కడ ఆగితే లోహం అక్కడే ఉంటుంది కాబట్టి మరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) వైపు ఇసుక మాత్రమే తీసుకుపోతే రిపోర్టు అనవసరంగా బాగా వస్తుంది. పైమట్టి ఒక కవరు, అడుగుమట్టి ఇంకో కవరు. ప్లాస్టిక్ తట్ట వాడండి, జింకు బొక్కెన వద్దు, దాని జింకే రిపోర్టులో వస్తుంది. నీడలో ఆరబెట్టండి.

ల్యాబ్‌లో అడిగేటప్పుడు ఒక మాట గట్టిగా చెప్పాలి. మన భూసార పరీక్ష కార్డులో రాగి అని కనబడేది మొక్కకు అందే రాగి, డీటీపీఏ పద్ధతిలో తీసేది. అది పోషకం తక్కువైందా అని చూడటానికి పెట్టిన పరీక్ష. మీకు కావాల్సింది మట్టిలో మొత్తం రాగి, దాంతో పాటు సీసం, జింకు, క్యాడ్మియం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్, ఇంకా నేల పులుపును చూపే పీహెచ్. "మొత్తం లోహాలు, ఆమ్లంలో కరిగించి" అని రాసివ్వండి. లేకపోతే కార్డు పరీక్షే చేసి పంపుతారు.

మామిడితోట అన్నారు కాబట్టి ఇది కూడా గమనించండి. బోర్డో మిశ్రమమో (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) కాపర్ ఆక్సీక్లోరైడో ఏటా కొడుతున్న తోటలో నేలకు రాగి ముందే చేరి ఉంటుంది. మైలుతుత్తంలో నాలుగో వంతు బరువు రాగే. ఫ్రాన్స్ ద్రాక్షతోటల్లో 1885 తర్వాత మొదలుపెట్టిన ఈ మందు వల్ల పాత తోటల నేలల్లో రాగి పేరుకుపోయింది. బోర్డోలో సున్నం ఎందుకు కలుపుతారో మీకు తెలుసు, కలపకపోతే ఆకు మాడిపోతుంది. సున్నం పులుపును చంపి రాగిని బిగిస్తుంది. నేలలో కూడా అంతే, పీహెచ్ 7 పైన ఉంటే రాగి వేరుకు అంతగా అందదు, నేల పులిస్తే అందుతుంది. అందుకని తోటలో మట్టి కూడా ఒక కవరు ఇవ్వండి, చెరువు మట్టి రిపోర్టు ఒక్కటే చూసి తోలొద్దు.

రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడే పెట్టండి. చెరువులోకి ఏ వంకలు కలుస్తాయో, ఎగువన వర్క్‌షాపులు, క్వారీలు, ఊరి మురుగు ఏమైనా ఉన్నాయో కూడా రాయండి. రాగి ఎంత, పీహెచ్ ఎంత, తోట మట్టిలో ఎంత, ఈ మూడూ పక్కపక్కన కనబడితే ఎకరాకు ఎన్ని ట్రాక్టర్లు తోలొచ్చో లెక్క వేసి చెప్తాను.